ఉప్పుంటే టప్‌మంటుంది

కరెంటు పల్స్‌తో కణాల్లోకి డీఎన్‌ఏ ఎక్కించే పద్ధతి ఎలక్ట్రోపోరేషన్. అది కణాలకు షాక్ కొట్టించడమే అనుకుంటారు చాలామంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసే మా మామ కూడా అంతే. "ఏందిరా అబ్బయా, 1800 వోల్టులు పెడితే ఆ పురుగులు బతుకుతాయా?" అన్నాడు. చాలా చస్తాయి మామా, మిగిలినవి చాలు మాకు.

అసలు సంగతి వోల్టుల్లో లేదు, ఎంత సందులో ఎంతసేపు అన్నదాంట్లో ఉంది. ఇ.కోలై బ్యాక్టీరియాని, డీఎన్‌ఏని కలిపి రెండు పక్కలా అల్యూమినియం రేకులున్న క్యువెట్ అనే చిన్న గిన్నెలో పోస్తాం. రేకుల మధ్య సందు 1 మిల్లీమీటరు. బటన్ నొక్కితే పల్స్ 5 మిల్లీసెకన్లలో దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. కణం పొర మందం సుమారు 5 నానోమీటర్లే కాబట్టి, దాని మీద ఒక్క వోల్టు పడినా సెంటీమీటరుకు 20 లక్షల వోల్టుల లెక్క! అంత ఒత్తిడికి పొరలోని కొవ్వు అణువులు పక్కకు జరిగి సన్నటి రంధ్రాలు పడతాయి, డీఎన్‌ఏ లోపలికి పోతుంది, ఆ తర్వాత పొర మళ్ళీ మూసుకుంటుంది. 1982లో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం ఎలుక కణాల్లోకి జీన్‌ని పంపింది ఇలాగే. 2023లో సికిల్ సెల్ జబ్బుకి అనుమతి వచ్చిన క్రిస్పర్ (జీన్‌ని కత్తిరించి మార్చే పరికరం) చికిత్సలోనూ మూలకణాల్లోకి ఆ క్రిస్పర్‌ని ఎక్కించేది ఈ పద్ధతిలోనే.

వినడానికి బాగానే ఉంటుంది గానీ ల్యాబ్‌లో ప్రాణం తీసేది ఉప్పు. కణాల్లోనో డీఎన్‌ఏలోనో కాస్త ఉప్పు మిగిలిందా, కరెంటు ఒక్కసారిగా దూకి టప్‌మని మెరుపు, శాంపిల్ పోయినట్టే. అందుకే కణాల్ని చల్లటి నీళ్ళతో, 10 శాతం గ్లిసరాల్‌తో మళ్ళీ మళ్ళీ కడగాలి. నెల్లూరు మే నెల ఎండల్లో, కరెంటు పోయిన పూట, బకెట్లో ఐస్ నిలబెట్టుకుంటూ ఆ పని చెయ్యడం ఎంత టెన్షనో చేసినవాళ్ళకే తెలుసు. పల్స్ అయిన వెంటనే మీడియం (కణాలకు తిండి ఉండే ద్రవం) పొయ్యాలి, ఫోన్ మోగినా ఎత్తకూడదు, ఎందుకంటే ఒక్క నిమిషం ఆలస్యమైనా బతికేవి బాగా తగ్గిపోతాయి.

ఉప్పు మాట మామకి వెంటనే ఎక్కింది, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ వైర్లతో రోజూ ఆయన పడే బాధే అది. "అయితే ఈ కరెంటే చెరువులో పెట్టి విబ్రియోని చంపలేమా?" అన్నాడు. విబ్రియో అంటే రొయ్యలకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా. కుదరదు. ఉప్పునీళ్ళలో అంత కరెంటు లాగాలంటే ఏ ట్రాన్స్‌ఫార్మరూ నిలవదు. పైగా కణం ఎంత పెద్దదైతే అంత తక్కువ ఫీల్డుకే (సెంటీమీటరుకు ఇన్ని వోల్టులు అన్న లెక్క) పొర చిల్లులు పడుతుంది, రొయ్య కణాలేమో బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దవి. విబ్రియో కంటే ముందు పోయేది రొయ్యే.