కోరంగిలో మడ్‌స్కిప్పర్ గెంతు: మళ్లీ తోకే దొరికింది

మడ్‌స్కిప్పర్ అనే బురదచేప గెంతును ఫొటో తీయబోతే ఈసారీ తోక చివరే మిగిలింది. కాకినాడ పక్కన కోరంగి అభయారణ్యంలో, మడచెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద మధ్యాహ్నమంతా బోర్లా పడుకున్నాను. చేప గెంతబోతున్న ఫ్రేములు ఉన్నాయి, చేప వెళ్లిపోయాక బురదలో మిగిలిన గుంట ఉంది. మధ్యలో ఉండవలసినదే లేదు. ఒళ్లు మండిపోయింది.

నల్లతల లకుముకి ఎదురుగా కూర్చుని బుద్ధిగా ఫొటో ఇచ్చింది. ఫిడ్లర్ పీత పెద్ద డెక్క ఎత్తిన ఫ్రేము కూడా బాగా వచ్చింది. ఇక అసలు గొడవకు వస్తాను.

నడకలో కష్టమేమీ లేదు. బాట చదును, మోకాళ్ల నొప్పులున్నవారూ నింపాదిగా వెళ్లి రావచ్చు. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో మన కాళ్లకు దక్కేది ఈ కాస్తే. బావురు పిల్లి రాత్రి తిరిగేది కాబట్టి పగలు దాని మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. మడ్‌స్కిప్పర్లు అలా కాదు. పాటు మొదలై, అంటే నీరు వెనక్కి తీసి, బురద బయటపడితే చాలు, మడచెట్ల శ్వాసవేళ్ల (గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ల) మధ్య ఎక్కడ చూసినా అవే. కన్ను ఆరిపోతే దాన్ని తలలోకి లాక్కుని, తడిపి, మళ్లీ పైకి తెస్తుంది. ఆ కన్ను మాత్రం నా దగ్గర పదునుగా ఉంది.

మొదటి అడ్డంకి వెలుతురు. చెట్ల నీడలో లెన్సు రంధ్రం ఎఫ్ 6.3 దగ్గర, షట్టర్ సెకనులో 500వ వంతు పెడితే ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, పెరిగేకొద్దీ బొమ్మ గరుకెక్కుతుంది) 3200. గెంతు ఆగాలంటే 2000వ వంతు కావాలి, అంటే 12800. తడి బురద మెరుపు తగ్గించడానికి పోలరైజర్ (మెరుపును కోసే లెన్సు ఫిల్టరు) తగిలిస్తే మరో స్టాపున్నర పోతుంది, ఒక స్టాపంటే వెలుతురు సగమవడం. దానితో తీసినవన్నీ ఇసుక కాగితంలా ఉన్నాయి. పేరులేని చవక పోలరైజర్లు రంగును పసుపుకు లాగేస్తాయి, నా ఓటు హోయా కంపెనీ ఫిల్టరుకే.

రెండోది కోణం. పలకలు బురదకు సుమారు 1.3 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పడుకుంటే లెన్సు ఒకటిన్నర మీటర్ల ఎత్తుకు వస్తుంది. నీటి మెరుపును పోలరైజర్ బాగా కోసేది చూపు నీటితో 37 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. ఆ లెక్కన చేప రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అక్కడ దాని వీపే తప్ప ముఖం కనబడదు. అయిదు మీటర్ల అవతలి చేపను పట్టుకుంటే కోణం 17 డిగ్రీలకు దిగి ముఖం వస్తుంది, దానితోపాటు మెరుపూ వస్తుంది.

మూడోది అదురు. ఎవరైనా నడిచి వెళితే పలక ఆరేడు సెకన్లు ఊగుతూనే ఉంటుంది, ఫోనులో కదలికలు కొలిచే యాప్‌తో చూశాను. ట్రైపాడ్ ఆ ఊపును నేరుగా కెమెరాకు అందిస్తుంది. ఊక నింపిన సంచే నయం. చేప మాత్రం బొరియలో దూరితే మూడు నాలుగు నిమిషాలు రాదు. అది బెదిరేది నీడకా, అదురుకా?

"బావా, అక్కడే నిలబడి చెయ్యి ఊపు" అన్నాను. చేప కాస్త తిరిగింది, అంతే.

"ఇప్పుడు నడువు."

నీడ దాని మీద పడకముందే మాయమైంది. గుంజల గుండా అదురు బురదలోకి దిగుతోందని అనుమానం. బావను మలుపు అవతల, కనబడకుండా నడిపిస్తే ఒక చేప దాక్కుంది, పక్కది కదలనే లేదు. తేలలేదు.

ఇవన్నీ సరిచేసినా అసలు దొంగ నా వేలేనేమో. గెంతే ముందు చేప తోకను ఒక పక్కకు వంచుతుంది, ఆ వంపు చూసి నొక్కుతున్నాను. కంటికి కనబడి వేలు కదిలేసరికి సెకనులో నాలుగో వంతు పోతుంది, ఈలోగా అది గెంతి వాలిపోతుంది. సెకనుకు ఎన్ని ఫ్రేములు తీసినా మొదలుపెట్టేదే ఆలస్యంగా అయితే ఏం లాభం? అందుకే ఓఎం సిస్టమ్ బ్రాండు కెమెరాల్లోని ప్రో క్యాప్చర్ అనే సదుపాయం మీద కన్ను పడింది. బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి ముందు క్షణాల ఫ్రేములను కూడా దాచిపెడుతుంది. ఈ పనికి మెగాపిక్సెళ్ల కంటే అదే విలువైనది. కొనే స్తోమత లేదు, అద్దెకు అడుగుతున్నాను.

పోటు ఉదయం ఆరింటికి నిండే రోజు చూసుకోవాలి. అప్పుడు మధ్యాహ్నం పన్నెండుకు బురద పూర్తిగా బయటపడుతుంది, ఎండ కొమ్మల సందుల్లోంచి నిలువునా దిగుతుంది, ఐఎస్ఓ కొంతైనా తగ్గుతుంది. పౌర్ణమి, అమావాస్యలకు నీరు బాగా వెనక్కి పోతుంది కాబట్టి చేపలూ దాని వెంటే దూరం జరుగుతాయని నా ఊహ. అష్టమి ప్రాంతంలో ప్రయత్నిస్తాను. మోచేతులకు చాప ముక్క, ఊక సంచి ఇంకొకటి. అనుమతి దొరికితే మోనోపాడ్‌ను (ఒంటికాలి స్టాండును) తలకిందులుగా కెమెరాతో సహా దించి, ఫోను తెరలో చూస్తూ బురదకు జానెడు ఎత్తునుంచి తీయాలి. వైఫైలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, ప్రో క్యాప్చర్ ఆ తేడాను పూడుస్తుందేమో ముందు ఇంట్లో పిల్లల బంతి మీద చూస్తాను.