నామ్ పెన్ బస్సులో పక్క సీటాయన

కంబోడియాలో ముందు డబ్బు గొడవ చెప్పాలి. వీసాకి 30 డాలర్లు, అంగ్‌కోర్ గుళ్ల టికెట్ ఒక రోజుకి 37 డాలర్లు, ఆ గుళ్ల పక్కనున్న సియెం రీప్ ఊళ్లో టుక్‌టుక్ అబ్బాయి చెప్పేదీ డాలర్లలోనే. పోనీ ఇద్దామంటే, నోటు అంచు కాస్త చిరిగినా పుచ్చుకోరు. నా దగ్గరున్న ఇరవై డాలర్ల నోటు ఎక్కడిచ్చినా తిరిగొచ్చింది. చిల్లర మాత్రం వాళ్ల రియెల్స్‌లో చేతిలో పెడతారు, డాలరుకి దాదాపు 4000 చొప్పున. సొంత నోట్లున్న దేశంలో ఈ అమెరికా నోట్ల పెత్తనమేమిటని ఒళ్లు మండింది.

అంగ్‌కోర్ గురించి ఇక్కడ రాయను. ఎందరో రాశారు, అది కళ్లారా చూడాల్సిందే. నేను రాయాలనుకున్నది అక్కడి నుంచి రాజధాని నామ్ పెన్‌కి బస్సులో వచ్చిన ఆరు గంటల గురించి.

బస్సు క్లీనరుతో కూడా ఆ నోటు గురించే వాదిస్తుంటే, పక్క సీటులోని పెద్దాయన కల్పించుకుని రియెల్స్ తీసి తనే కట్టేశారు. తర్వాత మంచి నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ డాలర్లు మా దేశంలో ఇంతగా పారింది 1992లో, ఐక్యరాజ్యసమితి వాళ్లు వచ్చాకే. నా మొదటి జీతం కూడా డాలర్లే" అన్నారు. ఆయన అన్‌టాక్‌లో, అంటే ఎన్నికలు పెట్టడానికి వచ్చిన ఆ ఐక్యరాజ్యసమితి బృందంలో, దుబాసీగా పనిచేశారట. లక్షల మందిని బలిగొన్న నియంత పోల్‌పోట్ కాలంలో తండ్రిని పోగొట్టుకుని, ఆ తర్వాత దొంగచాటుగా దీపం కింద ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి.

1991 అక్టోబరులో కంబోడియాలో యుద్ధం ఆపి ఎన్నికలు పెట్టడానికి పారిస్‌లో ఒప్పందం కుదిరింది. సంతకం పెట్టిన దేశాల్లో మనదీ ఉంది. తర్వాత సైనికులు, పోలీసులు, ఉద్యోగులు కలిసి 22,000 మంది దాకా కంబోడియాలో దిగారు. మన జవాన్ల బెటాలియన్ కూడా వెళ్లింది. ఖర్చు 160 కోట్ల డాలర్ల పైమాటే. ఒక దేశపు ఎన్నికలను మొత్తంగా తానే నిర్వహించడం ఐక్యరాజ్యసమితికి అదే మొదటిసారి.

"ఊరూరా తిరిగి ఒకటే మాట చెప్పేవాళ్లం, మీ ఓటు ఎవరికేశారో ఎవరికీ తెలియదు అని. ముసలివాళ్లు నమ్మేవాళ్లు కాదు. పైన ఆకాశంలో ఉపగ్రహం చూస్తుందంట కదా అని అడిగేవాళ్లు" అన్నారాయన. ఓటేస్తే చంపుతామని పోల్‌పోట్ దళమైన ఖ్మేర్ రూజ్ వాళ్లు బెదిరించారు. అయినా 1993 మే 23 నుంచి 28 దాకా జనం ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తెల్లవారకముందే వచ్చి నిలబడ్డారు. నమోదైన ఓటర్లలో దాదాపు 90 శాతం మంది ఓటేశారు. ఇది విన్నప్పుడు నా గొంతు పట్టేసింది. కొన్ని జాతులకు ప్రజాస్వామ్యం పడదని తేలిగ్గా చెప్పేవాళ్లు ఆ క్యూల సంగతి తెలుసుకోవాలి.

తర్వాతి కథే బాధ. రాజకుమారుడు రణరిధ్ పార్టీకి 120లో 58 సీట్లొచ్చాయి, అప్పటిదాకా ప్రధానిగా ఉన్న హున్ సేన్ పార్టీకి 51. ఓడిన పక్షం చేతిలో సైన్యం, పోలీసు, జిల్లా యంత్రాంగం ఉన్నాయి. తూర్పు జిల్లాలు విడిపోతాయని బెదిరింపులొచ్చాయి. చివరికి ఇద్దరు ప్రధానులు! గెలిచినవాడు మొదటి ప్రధాని, ఓడినవాడు రెండో ప్రధాని. సెప్టెంబరులో రాజ్యాంగం రాగానే అన్‌టాక్ పని అయిపోయింది, వాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. 1997 జూలైలో నామ్ పెన్ వీధుల్లో ఇద్దరి సైనికుల మధ్య కాల్పులు జరిగాయి, రణరిధ్ పదవి పోయింది, పెత్తనమంతా హున్ సేన్‌దే అయింది.

స్కూన్‌లో బస్సు ఆగింది. వేయించిన సాలీళ్లను తట్టల్లో గుట్టలుగా పోసి అమ్మే ఊరిది. మేం ఉడికించిన మొక్కజొన్న కంకులు కొనుక్కున్నాం. ఆకలి రోజుల్లో ఆ సాలీళ్లనే తిని బతికామని ఆయన చెప్పేసరికి, తట్టల వైపు మొహం చిట్లించడం మానేశాను.

నాతో వచ్చిన విజయవాడ మిత్రుడు అంతా విని, "ఇలాంటి దేశాలకు గట్టి చెయ్యే కరెక్టు. చూడు, రోడ్లెంత బాగున్నాయో" అన్నాడు. నాకు కోపమొచ్చింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని గవర్నరు దించేసినప్పుడు మేమిద్దరం హైదరాబాదులో చదువుకుంటున్నాం, ఇద్దరం రోడ్డెక్కినవాళ్లమే. గట్టి చెయ్యి అప్పుడు ఢిల్లీలోనూ ఉంది. అయినా నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మన ఓటుకి కాపలాగా పత్రికలున్నాయి, చెదరకుండా నిలిచిన ఎమ్మెల్యేలున్నారు, దేశమంతా ప్రతిపక్షాలున్నాయి. అవి పెరగడానికి మనకి దశాబ్దాలు పట్టింది. కంబోడియా వాళ్లకి పెట్టె, సిరా, బ్యాలెట్ కాగితం ఇచ్చి ఏడాదిన్నరలో వెళ్లిపోయారు. తప్పు ఓటేసిన జనంలో వెతకడం అన్యాయం.

పెద్దాయన నా అంత ఆవేశపడలేదు. "రాత్రి నిద్రపడుతోంది, మనవరాలు బడికెళ్తోంది. పోల్‌పోట్‌ని చూసినవాడికి ఇది చిన్న సంగతి కాదు" అన్నారు. అది నేను కాదనలేను. కానీ ఆ మాటకీ, తర్వాత చెప్పిన మాటలకీ గొంతులో తేడా ఉంది. 2017లో ప్రధాన ప్రతిపక్షాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2018లో హున్ సేన్ పార్టీకి 125కి 125 సీట్లూ వచ్చాయి. ఓటేయకండని ప్రవాసంలోని నాయకులు పిలుపిచ్చారు, కానీ సిరా లేని వేలుతో ఊళ్లో తిరగడానికి జనం భయపడ్డారు. వెళ్లి ఓటేశారు, దాదాపు ఆరు లక్షల ఓట్లు చెల్లలేదు. రెండో స్థానంలో వచ్చిన పార్టీకి పడ్డవాటికంటే అవే ఎక్కువ. ఈ ముక్క చెబుతున్నప్పుడు ముందు సీటులో కుర్రాడు వెనక్కి తిరిగితే, ఆయన మామిడిపళ్ల ధరల్లోకి మాట మార్చేశారు. నిద్రపట్టే దేశమే, సందేహం లేదు. మనవరాలి చదువు గురించి అందరికీ వినపడేలా చెప్పిన మనిషి, ఓట్ల లెక్క దగ్గర చుట్టూ చూసుకోవాల్సి వచ్చింది.

నామ్ పెన్‌లో సామాన్లు దించుకుంటుంటే మిత్రుడు ఆయన్ని అడిగాడు, విదేశాల వాళ్లు మళ్లీ వచ్చి ఎన్నికలు పెడతామంటే పనిచేస్తారా అని.

"చేస్తాను. డబ్బులివ్వకపోయినా చేస్తాను" అన్నారు వెంటనే. "ఆ ఆరు రోజులూ క్యూలో ఏ మనిషీ వెనక ఎవరున్నారో చూసుకుని మాట్లాడలేదు."