రబ్బరు బ్యాండు వేసిన నోట్‌బుక్కు

పదకొండు దాటింది. లైటు తీసెయ్యమని ఈయన రెండుసార్లు చెప్పి, ఇక లాభం లేదని దుప్పటి ముసుగేసుకున్నారు. చిన్నది ఇవాళ పక్క చక్రాలు లేకుండా సైకిల్ తొక్కింది, వీధి చివరిదాకా వెళ్ళి తనంతట తనే తిరిగొచ్చింది. దాని గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ మధ్యాహ్నం వచ్చిన మెయిల్ బుర్రలోంచి కదలట్లేదు.

2021 గుర్తుందా, మంచినీళ్ళ పైపులు, ప్లాంట్లు బాగుచెయ్యడానికి ఎంత డబ్బు కావాలో ఇక్కడ అమెరికాలో ఊళ్ళని అడిగే నీళ్ళ సర్వే అంటూ నెలల తరబడి డైనింగ్ టేబుల్ అంతా కాగితాలు పరిచి కూర్చున్నాను? ఆ సర్వేలో మా రాష్ట్రం నుంచి ఎంపికైన ఊళ్ళలో ఒకటి, ఐదు వేల మంది కూడా ఉండరు. అక్కడి నీళ్ళ ప్లాంటు చూసుకునే పెద్దాయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారట. ఆయన స్థానంలోకి వస్తున్న కుర్రాడు రాశాడు, ఏ వీధి కింద ఏ పైపుందో, ఎప్పుడు వేశారో మీ ఆఫీసులో కాగితాలేమైనా ఉన్నాయా అని. పాత ఫైలు తెరిచాను. ఆరంగుళాల పోత ఇనుము పైపు, తొమ్మిది వేల అడుగులు, మార్చాలి అని ఆయన చేత్తో రాసిన లైను. దాని మీద అడ్డగీత. పక్కన "ఆధారం లేదు" అని, కింద నా సంతకం.

అప్పటి మా పై అధికారి ఒకాయన, కాగితం లేకపోతే పైపు లేనట్టే అనేవాడు. మీటింగులో ఒకసారి, ఫోన్లో ఒకసారి, చివరికి కాఫీ మెషీన్ దగ్గర కూడా అదే మాట. గడువు దగ్గరపడుతోంది, వాదించే ఓపిక లేని లైన్లు కొట్టేసి పంపించు అన్నాడు. ఆ ఊళ్ళో ఉన్నది ఇద్దరు మనుషులు. మీటర్లు చూసేదీ వాళ్ళే, క్లోరిన్ కలిపేదీ వాళ్ళే, అర్ధరాత్రి పైపు పగిలితే గొయ్యి తవ్వేదీ వాళ్ళే. ఆధారంగా చూపించడానికి మాస్టర్ ప్లాన్ ఎవరు రాస్తారు? 3,300 మంది లోపు ఊరయితే సర్వే తరఫున మనిషే వెళ్ళి చూసి రాసుకునే పద్ధతి ఉంది. ఈ ఊరు ఆ గీతకి కాస్త పైన ఉంది. అందుకని పట్నాల్లో ఇంజనీర్ల ఆఫీసులు నింపే ఫారమే ఆ పెద్దాయన ముందుకొచ్చింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే.

ఫారం నింపడంలో సాయం చేద్దామని ఆ వేసవిలో నేనే కారేసుకుని వెళ్ళాను. పంపు గదిలో చిన్న బల్ల, దాని మీద కాగితాలు ఎగరకుండా ఒక పైపు ముక్క. చూడండి అని నా చేతిలో పెట్టారు, బరువుకి చెయ్యి కిందికి జారింది. బయట ఆరంగుళాలే. లోపల మాత్రం తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకుపోయి, మధ్యలో మిగిలిన కంతలో నా మూడు వేళ్ళు కలిపి పెడితే ఇక చోటు లేదు. గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది. ఒక వీధి మొత్తానికి నీళ్ళు ఆ కంతలోంచే వెళ్తున్నాయి. చలికాలంలో ఏమవుతుందో కూడా చెప్పారు: నీళ్ళు చల్లబడి ఇనుము లోపలికి ముడుచుకుంటుంది, పైనుంచి గడ్డకట్టిన నేల అదుముతుంది, అంతే, పైపు అడ్డంగా పుటుక్కున విరుగుతుంది. ఏ ఇంటి ముందు విరుగుతుందో ఆయనకి ముందే తెలుసు. సొరుగులోంచి రబ్బరు బ్యాండు వేసిన నోట్‌బుక్కు తీశారు. తారీఖు, వీధి, విరిగినచోట ఎంత క్లాంపు (బిగించే పట్టీ) వేశారు, అన్నీ పెన్సిల్‌తో. ఒక జనవరిలో ఒకే వీధి మూడుసార్లుంది. పేజీలు తిప్పాను, చాలా బాగా రాసుకున్నారండీ అన్నాను, మూసి ఆయన చేతికిచ్చేశాను.

ఇక్కడిదాకా రాసి లేచి, మంచినీళ్ళు తాగొచ్చాను.

మొదట ఈ టపా ఆధారం చూపాలనే రూల్‌ని తిట్టడానికే మొదలుపెట్టాను, ఇప్పుడు తిట్టబుద్ధి కావట్లేదు. ఈ సర్వే మంచినీళ్ళ చట్టానికి 1996లో చేసిన సవరణలతో వచ్చింది. నాలుగేళ్ళకోసారి కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క తీస్తుంది, రాబోయే ఇరవై ఏళ్ళ అవసరాన్ని బట్టి కేంద్ర నిధి రాష్ట్రాలకి పంచుతుంది, ఎంత తక్కువ అవసరమున్నా ఏ రాష్ట్రానికీ ఒక శాతానికి తగ్గకుండా. ఉన్న సొమ్ము ఒకటే. ఆధారం అడక్కపోతే ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు, నిజం రాసినవాళ్ళ వాటా తగ్గుతుంది. ఊరు పెరుగుతుందన్న ఆశతో వేసే పైపులు, ఆనకట్టలు ఇందులోకి రావని తెలిసి కూడా రాసి పంపినవాళ్ళని నేనే చూశాను. ఖర్చు అంచనా లేకపోయినా ఫరవాలేదు, పైపు వ్యాసం, పొడవు ఉంటే ధర వాళ్ళ లెక్కల్లోంచి కట్టుకుంటారు. కావాల్సింది, ఈ పైపు నిజంగా చెడిపోయింది అనడానికి ఏదో ఒక రాత.

ఆ రాత నా చేతిలోనే ఉండింది. తారీఖులతో సహా. ఫొటో తీసి జతచేసి ఉంటే ఒప్పుకునేవాళ్ళో లేదో తర్వాత సంగతి, నేను నిలబడి వాదించడానికి ఆధారమంటూ ఉండేది. ఆధారం అంటే టైపు చేసి, సంతకం పెట్టి, బైండు చేసి ఉండాలని నా బుర్రలో పాతుకుపోయింది. పై అధికారిని అన్నేళ్ళు తిట్టుకున్నాను కానీ పేజీలు తిప్పింది ఆయన కాదు.

పైగా అది ఒక్క ఊరి లైను కాదు. లక్ష మందికి పైగా నీళ్ళిచ్చేవాళ్ళనయితే అందరినీ అడుగుతారు, ఇలాంటి ఊళ్ళలో మాత్రం కొన్నిటినే చీటీలు తీసినట్టు ఎంచుకుంటారు. ఆ ఒక్క ఊరు తనలాంటి మరికొన్ని ఊళ్ళ తరఫున మాట్లాడుతుంది. ఇక్కడ నేను గీసిన గీత, చీటీలో పేరు రాని ఊళ్ళ పైపుల మీద కూడా పడింది. 2023 ఏప్రిల్‌లో దేశం మొత్తం అవసరం 625 బిలియన్ డాలర్లని లెక్క బయటికొచ్చింది, అంతకుముందు 2015 సర్వేలో 472.6 బిలియన్లు. కొత్త లెక్కలో మూడింట రెండు వంతులు నేల కింద పైపులకే. ఆరోజు ఆఫీసులో అందరం సంతోషపడ్డాం, సీసం పైపుల్ని కూడా మొదటిసారి లెక్కలోకి తెచ్చారని నేనయితే మరీను. ఆ తొమ్మిది వేల అడుగులు మాత్రం అప్పుడు గుర్తే రాలేదు.

కుర్రాడికి ఇప్పుడే జవాబు పంపాను. మా దగ్గర ఏమీ లేదు, ఉన్నదంతా ఆయన బల్ల సొరుగులోనే ఉంటుంది, రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది, ఆయన ఇంటికి పట్టుకెళ్ళకముందే ప్రతి పేజీ ఫొటో తియ్యి అని. గోడ మీది మ్యాపు కిందికి దించి, ఆయన పక్కన కూర్చుని ఒక్కో వాల్వూ గుర్తుపెట్టించుకో అని కూడా రాశాను. పంపేశాక నమ్మకం చాలలేదు. శుక్రవారం సెలవు పెట్టి నేనే వెళ్తాను. చిన్నదానికి సైకిల్ గంట కొనిస్తానన్నాను, అది శనివారం.