చోక్ నాబ్ బిగుసుకుంటే, నూనె పోసే ముందు

పాత కారులో చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి పెట్రోలు పాలు పెంచేది చోక్. డ్యాష్‌బోర్డు మీది నాబ్ లాగితే, కేబుల్ ద్వారా కార్బురేటర్‌లో (పెట్రోలును గాలితో కలిపే భాగంలో) అది పనిచేస్తుంది. ఆ నాబ్ రెండు రకాలుగా మొరాయిస్తుంది. లాగితే రాదు, లేదా వచ్చాక లోపలికి పోదు. రెండోదే ప్రమాదం. చోక్ సగంలో ఆగితే ఇంజన్ వేడెక్కాక కూడా పెట్రోలు ఎక్కువ తాగుతూనే ఉంటుంది. ప్లగ్గులకు పొడి నల్లమసి పడుతుంది, మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగుతుంది.

నాబ్ సందులోకి స్ప్రే కొట్టి నాలుగుసార్లు లాగి వదలడం వైద్యం కాదు. ముందు బిగుతు ఎక్కడుందో తేల్చాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, కార్బురేటర్ లీవర్ దగ్గర ఇన్నర్ తీగను (కేబుల్ లోపల కదిలే తీగను) పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులు చేసి తీగను విడిపించండి. ఇప్పుడు లీవర్‌ను వేలితో తిప్పి చూడండి. అది తడబడితే తప్పు కేబుల్‌ది కాదు. ఫ్లాప్ (చోక్ లాగితే గాలి దారిని మూసే రేకు) ఇరుసుకి పట్టిన జిగురును కార్బ్ క్లీనర్‌తో కడిగితే చాలు, చుక్క పలచటి నూనెతో పని అయిపోతుంది. ఎస్‌యూ హెచ్‌ఎస్ రకం కార్బురేటర్‌లో ఫ్లాప్ ఉండదు, చోక్ లాగితే జెట్టే (పెట్రోలు వచ్చే సన్నటి గొట్టమే) కిందికి దిగుతుంది. నాబ్ నొక్కాక జెట్ పైకి రాకపోతే వేలితో తోసి చూడండి, అక్కడే పట్టేసి ఉండవచ్చు.

లీవర్ తేలిగ్గా తిరిగి, నాబ్ మాత్రం బరువుగా ఉంటే అప్పుడు కేబుల్‌ని అనుమానించాలి. చాలా కార్లలో ఇన్నర్ నాబ్‌కే అతికి ఉంటుంది. నాబ్ పట్టి లాగితే మొత్తం క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. కార్బురేటర్ వైపు కొస స్క్రూ కింద నలిగి వంకరై ఉంటుంది. దాన్ని అలాగే లాగితే ఔటర్ (తీగను కప్పే తొడుగు) లోపలంతా గీసుకుంటూ వస్తుంది కాబట్టి ముందు ప్లయర్‌తో నిటారు చేయండి.

బయటికి తీసిన తీగ ఏం జరిగిందో తానే చెబుతుంది. నల్లటి జిడ్డంటే గ్రీజు ముదిరిందన్నమాట. ఎర్రటి పొడి అంటే తుప్పు. ఒకేచోట గీత పడితే ఔటర్ అక్కడ నొక్కుకుపోయింది, సాధారణంగా క్లాంప్ అతిగా బిగించిన చోటో, ఫైర్‌వాల్ గ్రామెట్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో కేబుల్ దూరే రబ్బరు రింగు) దగ్గరో. నీలంగా కమిలి, ఔటర్ ప్లాస్టిక్ కరిగి ఉంటే, దగ్గర్లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ పోయే వేడి గొట్టాలు) కూడా లేకపోతే, ఇంజన్ ఎర్త్ పట్టీ (ఇంజన్‌ను కారు బాడీకి కలిపే కరెంటు పట్టీ) చూడండి. ఆ పట్టీ తెగినా తుప్పుపట్టినా స్టార్టర్ కరెంటు తిరుగుదారి వెతుక్కుంటూ చోక్ కేబుల్ గుండా పోతుంది. వంద ఆంపియర్లు దాటే కరెంటును ఆ సన్నటి తీగ ఎక్కడ మోయగలదు? ఇంజన్ స్టార్ట్ కాకుండా కాయిల్ (ప్లగ్గుల స్పార్కుకు కరెంటు ఇచ్చే భాగం) వైరు పీకి, మల్టీమీటర్ ఒక కొస ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుముకీ, రెండోది బ్యాటరీలో ఎర్త్ అయిన పోల్‌కీ ఆనించి స్టార్టర్ తిప్పించండి (కొన్ని పాత కార్లలో ఎర్త్ పాజిటివ్ అని మరవకండి). రీడింగ్ అర వోల్టు దాటితే ఎర్త్ దారి బాగాలేదు. దాన్ని సరిచేయకుండా వేసిన కొత్త కేబుల్ కూడా మాడుతుంది.

తీగ మడత పడినా, పోగులు లేచినా మార్చడమే మేలు. తుప్పు పైపైన మాత్రమే ఉంటే 600 నంబరు ఎమెరీ కాగితంతో పొడవునా రుద్ది గుడ్డతో తుడవండి. ఔటర్‌ను తీసి నిలువుగా వేలాడదీసి, పై కొసలో కొద్దికొద్దిగా కిరోసిన్ పోస్తూ కింద శుభ్రంగా కారేదాకా ఉంచండి. తర్వాత గాలి కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న రకమైతే కిరోసిన్, బ్రేక్ క్లీనర్ వద్దు. పొడిగుడ్డతో తుడిచిన ఇన్నర్‌కు సిలికాన్ పూత చాలు. మామూలు ఔటర్‌కు పలచటి మెషిన్ ఆయిల్ వాడండి. చిక్కటి గ్రీజు చలికి గడ్డకడుతుంది, చోక్ అవసరం పడేదీ ఆ చలిలోనే. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి పనికొస్తుంది గానీ ఎక్కువకాలం నిలిచే నూనె కాదు.

బిగించేటప్పుడు ఔటర్ పెద్ద వంపులతో పోవాలి, మానిఫోల్డ్‌కు తగలకూడదు. కార్బురేటర్ దగ్గరి క్లాంప్ ఔటర్ జారకుండా పట్టుకుంటే చాలు, నలిపేయకూడదు. అది వదులుగా ఉన్నా చిక్కే: నాబ్ లాగినప్పుడు ఇన్నర్‌కు బదులు ఔటర్ కదులుతుంది, అది అచ్చం బిగుతులాగే అనిపిస్తుంది. నాబ్‌ను పూర్తిగా నొక్కి, 2 మిల్లీమీటర్లు బయటికి లాగి, ఫ్లాప్ పూర్తిగా తెరిచి ఉండగా స్క్రూ బిగించండి. ఆ 2 మిల్లీమీటర్ల ఖాళీ వల్లే చోక్ పూర్తిగా ఆఫ్ అవుతుంది. నాబ్ మొత్తం లాగినప్పుడు ఫ్లాప్ మూసుకోవాలి. లోపలికి నొక్కినప్పుడు ఫాస్ట్ ఐడిల్ స్క్రూకీ (చోక్ లాగినప్పుడు ఇంజన్ వేగం పెంచేది) దాన్ని తోసే కామ్‌కీ మధ్య సందు కనబడాలి.

నాబ్ మెడ దగ్గర మాత్రం నూనె పడనివ్వకండి. చాలా రకాల్లో నాబ్ లాగినచోట నిలబడేది అక్కడి రాపిడి వల్లే. జిడ్డు పడితే అది దానంతటదే మెల్లగా లోపలికి జారుతుంది, వేడెక్కకముందే చోక్ ఆఫ్ అయిపోయి ఇంజన్ ఆగిపోతుంది.