తెల్లబట్ట సమస్యపై ట్రయల్‌కు పిలిచినప్పుడు

తెల్లబట్ట, దురద, మంట, దుర్వాసన అంటూ ఆసుపత్రికి వచ్చే స్త్రీలతో మాట్లాడడం, వారిలో అర్హులైన వారికి క్లినికల్ ట్రయల్ (మందు ఎంతవరకు పనిచేస్తుందో మనుషులపై చూసే పరీక్ష) గురించి వివరించడం కొన్నేళ్లుగా నా ఉద్యోగం. వారిలో చాలామంది వేడి చేసిందనుకుని సబ్జా గింజలు తాగి, తగ్గకపోతే మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకుని, ఇక భరించలేని స్థితిలో మా దగ్గరకు వస్తారు. నయమైందని వెళ్లినవారే కొన్ని నెలలకు అదే బాధతో తిరిగి వస్తుంటే, ఉన్న మందులు సరిపోవడం లేదని, వీటిపై పరిశోధన జరగాలని నాకు బలంగా అనిపిస్తుంది.

యోనిలోని బ్యాక్టీరియా సమతుల్యత దెబ్బతిని వచ్చే బ్యాక్టీరియల్ వెజైనోసిస్, క్యాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చేది, ఈ మూడింటి లక్షణాలూ పైకి ఒకదానినొకటి పోలి ఉంటాయి. అందుకే ప్రభుత్వ కేంద్రాలలో లక్షణాలను బట్టి సెక్నిడజోల్, ఫ్లుకోనజోల్ అనే మందులు కలిపిన ఆకుపచ్చ కిట్ ఇస్తారు. ప్రయోగశాల అందుబాటులో లేనిచోట అది అవసరమైన ఏర్పాటే. అయితే తనకు వచ్చింది ఏ జబ్బో ఆ స్త్రీకి తెలియకుండానే చికిత్స ముగిసిపోతుంది. ట్రయల్‌లో చేర్చుకునే ముందు మాత్రం స్రావం తీసి ఆమ్లత్వం కొలుస్తారు, సూక్ష్మదర్శిని కింద చూస్తారు, జబ్బు నిర్ధారణ అయ్యాకే మందు ఇస్తారు.

బ్యాక్టీరియల్ వెజైనోసిస్ మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గినా, సగం మందికి పైగా ఏడాదిలోపే తిరగబెడుతుంది. దీనికి కారణం స్త్రీ శుభ్రతలో లోపమేనని నిందించడం మన ఇళ్లలో మామూలు. ఆ నింద ఎంత అన్యాయమో చూపిన ట్రయల్ ఆస్ట్రేలియాలో జరిగింది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒకరికొకరు మాత్రమే భాగస్వాములుగా ఉన్న 164 జంటలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గంలో స్త్రీకి మాత్రమే, మరో వర్గంలో స్త్రీతో పాటు పురుషుడికి కూడా వారం రోజులు మందులిచ్చారు. పురుషులకు మెట్రోనిడజోల్ మాత్రలతో పాటు అంగంపై రాసుకునే క్లిండమైసిన్ క్రీము కూడా ఇచ్చారు. మాత్రలు మాత్రమే ఇచ్చిన వెనుకటి ట్రయళ్లలో ప్రయోజనం కనిపించలేదు. స్త్రీకి మాత్రమే చికిత్స చేసిన వర్గంలో 12 వారాలలో 63 శాతం మందికి జబ్బు తిరగబెట్టగా, ఇద్దరికీ చికిత్స చేసిన వర్గంలో అది 35 శాతమే. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ట్రయల్‌ను ముందుగానే ఆపేశారు. ఈ ఫలితాలు 2025 మార్చిలో వెలువడ్డాయి. ఆ పురుషులు సిగ్గుపడి రాకపోయి ఉంటే ఈ విషయం ఇంకా తేలేది కాదు. (ఈ ఫలితం ఫంగల్ ఇన్ఫెక్షన్‌కు వర్తించదు, దానికి భర్తకు మందు సాధారణంగా అవసరం ఉండదు.)

యోనిలో సహజంగా ఉండే మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను మందుగా ఇచ్చి చూసిన అమెరికా ట్రయల్ కూడా, 228 మంది స్త్రీలతో, ఆశ కలిగించే ఫలితమే ఇచ్చింది: 12 వారాలకు బ్యాక్టీరియల్ వెజైనోసిస్ తిరగబెట్టినవారు ఉత్తుత్తి మందు వర్గంలో 45 శాతం, అసలు మందు వర్గంలో 30 శాతం.

ఇంత చెప్పినా, ఎవరినీ తొందరపెట్టి సంతకం చేయించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, రెండు వేలకు పైగా అంగీకార పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. నేడు 2019 నాటి ‘కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు’ అమలులో ఉన్నాయి. సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రానివారికి సంబంధం లేని సాక్షి ఎదుట వివరించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడు మానుకున్నా మామూలు చికిత్స ఆగకూడదు. పత్రంలో నైతిక సంఘం (ట్రయల్‌ను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ) చిరునామా, సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ) నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి, వివరాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

నిజమైన ఇబ్బంది ఇంట్లోనే ఎదురవుతుంది. ఇటువంటి ట్రయళ్లు చాలావాటిలో గర్భిణులను చేర్చుకోరు, ట్రయల్ నడిచినంత కాలం గర్భం రాకుండా జాగ్రత్తపడమంటారు. విశేషం ఎప్పుడని అత్తింటివారు అడుగుతున్న కొత్త కోడలికి ఆ షరతు చిన్నది కాదు, కాబట్టి పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు ఆ మాట మొదటే చెప్పాలి, చేరకపోయినా ఎవరూ తప్పుపట్టకూడదు. కొన్నింటిలో కలయికకు, లోపల కడుక్కోవడానికి కూడా కొన్నాళ్లు విరామం ఉంటుంది. ఈ సంగతి భర్తతో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఫోను ఇంట్లో ఇంకెవరైనా ఎత్తే అవకాశం ఉంటే, ఏ నంబరుకు, ఏ వేళకు చేయాలో, ఎవరమని చెప్పుకోవాలో మాకు ముందే చెప్పండి, అలాగే రాసుకుంటాం.