తాతయ్య ఉత్తరానికి పడిన కన్నం

నిన్న సాయంత్రం గుంటూరు నుంచి ఉత్తరం తెచ్చి నానమ్మ చేతిలో పెట్టాను. మూడు నెలల టెన్షన్ తీరింది.

1971 భారత్-పాక్ యుద్ధంలో తాతయ్య విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ మీద లెఫ్టినెంటు. డిసెంబరు 4న ఆ ఓడ మీంచి లేచిన సీ హాక్ విమానాలు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. తాతయ్య 10న రాసిన మూడు పేజీల్లో ఆ ఊసే లేదు. "ఎక్కడున్నానో రాయకూడదు, సముద్రం మీదున్నాను" అని ఒక్క ముక్క. మిగతాదంతా సాగర్ కుడికాలువకి నీళ్ళొస్తున్నాయా, మిరపతోట ఎలా ఉంది, రేడియో విని కంగారు పడకు.

మడతల దగ్గర చిరుగుతోందని గవర్నర్‌పేటలో స్కాన్ చేయించాను. పది నిమిషాల పని. డిసెంబరు 4న జరిగే నేవీ డేకి ఈ ఉత్తరాన్ని నలుగురూ చూస్తారన్న ఆశతో బెజవాడలోనే ఒక ఆఫీసుకి వెళ్ళడమే నేను చేసిన పొరపాటు.

ఒరిజినల్ జత చేయాలన్నాడు గుమాస్తా. కవర్లోంచి తీసి చూపించానంతే. అప్లికేషన్ కింద పెట్టి, నేను నోరు తెరిచేలోపే పంచింగ్ మిషన్ నొక్కాడు. ట్యాగు కట్టి, మూడో పేజీ మీద ఇన్‌వర్డ్ ముద్ర కొట్టాడు. అరిచాను. "ఏంటమ్మా, మీ తాతగారేమైనా అడ్మిరలా? పాత కాగితమేగా" అన్నాడు. క్యూలో ఉన్నవాళ్ళంతా నన్నే చూశారు. ఏడుపు ఆగలేదు. నంబరు పడింది కాబట్టి ఇక అది ఆఫీసు రికార్డట! వెనక్కి తీసుకోవడానికి మళ్ళీ అర్జీ, పదకొండు రోజులు, నాలుగు సార్లు తిరగడం. చివరికి "పాత కాగితం ఒకటి ముట్టినది" అని రాసి సంతకం పెట్టమన్నారు. అది కొట్టేసి "యుద్ధకాలపు ఉత్తరం, మూడు పేజీలు" అని రాసి మరీ పెట్టాను. ఆ పని చేసినందుకు నాకిప్పటికీ గర్వంగానే ఉంది.

ఎవరడిగినా ఒరిజినల్ ఇవ్వకండి. లామినేషన్ అసలొద్దు, వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు. సెల్లోటేపు జిగురు పసుపు మరకవుతుంది.

అరండల్‌పేటలో ఒక రిటైర్డ్ బైండరుగారి గురించి తెలిసి వెళ్ళాను. తడి దూదితో ఒక్క చుక్క అద్ది చూశారు. బ్లూ ఇంకు దూదికి అంటింది. "దీన్ని నీళ్ళలో పెట్టకూడదు తల్లీ" అన్నారు. మడతలకీ కన్నాలకీ పల్చటి జపాన్ కాగితం, గోధుమ గంజి జిగురుతో అతుకులు వేశారు. ముద్ర పోదట. దాన్ని తీసే మందు ముందు తాతయ్య అక్షరాలనే తీసేస్తుందన్నారు. అలాగే వదిలేశాం. ఇప్పుడు మూడు పేజీలూ పాలిస్టర్ కవర్లలో ఉన్నాయి.

రెండో పేజీలో కన్నం పడ్డచోట ఒక మాట పోయింది. ఫోన్లో స్కాన్ తెరిచి చెబుదామనుకునేలోపే నానమ్మ "కాలువ" అని తనే చదువుకుని, తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది.