సీసాలో దూది

మధ్యాహ్నం మందుల కౌంటరు దగ్గర రద్దీ తగ్గాక, మూడు నెలలకు సరిపడా హెచ్‌ఐవీ మాత్రలు తీసుకున్న ఒకామె నా కౌన్సెలింగ్ గదిలో కూర్చుని, సీసాల మీది లేబుళ్లను గోటితో గీకి తీసేశారు. బస్సు కుదుపులకు మాత్రలు గలగలలాడకుండా లోపల కుక్కడానికి ఇంటి నుంచి దూది కూడా తెచ్చుకున్నారు. తెలిసినవాళ్లు చూస్తారన్న భయంతో దగ్గరి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రాన్ని వదిలి, పక్క జిల్లా నుంచి ఇక్కడికి వస్తున్నారు.

రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో ఆమెకు వైరస్ కనబడనంత తక్కువగా ఉంది. ఆ స్థితి నిలిచినంత కాలం లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు వాడిన స్టావుడిన్ అనే మందు వల్ల కొందరికి బుగ్గలు లోపలికి పోయి, ముఖమే జబ్బును బయటపెట్టేది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. వైద్యం ఇంత దూరం వచ్చినందుకు నాకు నిజంగా సంతోషమే. అయినా క్షయ సోకిందేమోనని దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని ప్రతిసారీ అడిగే మనం, రాత్రి నిద్ర పడుతోందా అని అడగడం అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీతో జీవించేవారి కోసం రూపొందించిన 31 ప్రశ్నల పత్రంలో నిద్ర, డబ్బు, చుట్టూ ఉన్నవారి ఆదరణ, రేపటి గురించిన భయం అన్నీ ఉన్నాయి.

ఈ రోజు అడిగాను. ఇంటి యజమానురాలికి తెలిస్తే ఖాళీ చేయిస్తుందన్న బెంగతో నిద్ర పట్టడం లేదని చెప్పారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో అద్దె ఇల్లు నిరాకరించకూడదని, కోర్టులో అసలు పేరు బయటపడకుండా మారుపేరుతో కేసు నడిపే వీలుందని వివరించాను.

"కోర్టుకు నా పేరు తెలియకపోయినా, ఆ వీధికి తెలుస్తుంది కదా మేడం" అన్నారు.

ఆ మాటకు చట్టంలో జవాబు లేదు, ఆమె వీధిలోనే దొరకాలి. ఆమె కేసు షీటులో వైరల్ లోడ్ అంకె పక్కనే "నిద్ర లేదు, అద్దె ఇంటి బెంగ" అని రాసి, వచ్చేసారి మాత్రల లెక్క కంటే ముందు దీని గురించే మాట్లాడదామని చెప్పాను.